పైపొరకు వేసిన చీర

సదుం దగ్గర మా పల్లె,
జూన్ 12.

గ్లోరీ అక్కకు రేఖ నమస్కారాలు.

ముందుగా నా దస్తూరికి, తప్పులకు మన్నించు అక్కా. ఏడో తరగతితో బడి మానేశాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. వరస తిన్నగా రాద్దామనుకుంటే అక్షరాలు మా నాన్న మేకల్లాగా తలోదిక్కుకు పోతాయి. ఓపిగ్గా చదువుకో.

పాల వ్యాను గురప్ప తాత చేతికి నాలుగు బొంతలు ఇచ్చి పంపుతున్నాను. ఆయన రోజూ మా వీధిలో పాలు పోయించుకుని మదనపల్లె డెయిరీకి పోతాడు. నువ్వు ఏమైనా పంపాలన్నా ఆయనకే ఇవ్వు. ఫోన్ చేయవద్దు. ఇంట్లో ఫోన్ ఒకటే, అది మా ఆయన దగ్గర ఉంటుంది.

ఆసుపత్రిలో నేను కప్పుకున్న బొంత చూసి, "ఎవురు కుట్టినారు పాపా ఇది? మా అంగట్లో పెడితే పొద్దు మునిగేలోగా ఎగిరిపోతాది" అన్నావు కదా. ఆయాగా అంతమంది రోగులను చూసుకుంటూ, ఆ పైన అంగడీ నడుపుకుంటూ నా బొంతను గుర్తు పెట్టుకున్నావు. ఆ మాట పట్టుకునే ధైర్యం చేశాను. మా ఆయన సురేంద్రను అడిగితే మొదట నవ్వాడు. తరువాత, "సరే కుట్టు. అమ్ముడుపోతే మీ అమ్మను సూసేకి పోదువులే" అన్నాడు. మా అమ్మ కుప్పం పక్కన, రామకుప్పం దగ్గర పల్లెలో ఉంది. పోయిన ఏడు ఏనుగులు రాగిచేలో పడ్డప్పుడు పరుగెత్తబోయి కాలు విరగ్గొట్టుకుంది. ఇంతవరకు నేను పోయి చూడలేదు. అందుకే ఈ బొంతలు అమ్ముడుపోవడం నాకు చాలా అవసరం.

ఒక సంగతి. ఫోటో తీస్తే బొంతకే తియ్యి. నా పేరు, ఊరు ఎక్కడా రాయవద్దు. నేను ఆయనకు రెండో భార్యనని నీకు ఆసుపత్రిలో చెప్పలేదు. మొదటి ఆమె పేరు సుమతి. నాలుగేళ్ల కిందట పుట్టింటికి పోయి, మళ్లీ ఈ ఇంటికి రాలేదట. పుంగనూరు బస్టాండులో దిగి ఎవరితోనో పోయిందని ఊరంతా అంటారు. అప్పటినుంచి ఆడమనిషి పేరు బయటికి రావడమంటే ఈ ఇంట్లో ఎవరికీ గిట్టదు.

ఇట్లు,
రేఖ


మదనపల్లె,
జూన్ 27.

చెల్లెలు రేఖకు గ్లోరీ అక్క ప్రేమతో రాసేది.

నీ అక్షరాలు మా డాక్టరమ్మ చీటీ కంటే బాగున్నాయి. ఇంకోసారి క్షమాపణ అడిగావంటే ఉత్తరం వెనక్కి పంపుతాను.

బొంతలు చేరాయి. కుట్టు చీమలబారులాగా ఉంది, చూసినవాళ్లంతా చేత్తో తడమకుండా పోలేదు. కానీ రెండే అమ్ముడుపోయాయి. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. పైపొరకు నువ్వు వేసినవన్నీ బూడిదరంగు, మట్టిరంగు. చేత్తో పట్టుకుంటే మెత్తగా ఉంటాయి సరే, ఫోన్లో చూసేవాళ్లకు మెత్తదనం తెలుస్తుందా? మా తోటి ఆయా ఏమందో తెలుసా? "ఏం గ్లోరీ, గోనెసంచులు అమ్ముతాండావా?" అంది. నాకు ఒళ్లు మండింది.

ఇకనుంచి ఇట్లా చెయ్యి. పాతవన్నీ లోపలికి వెయ్యి. ఉన్నవాటిలో మంచి రంగు చీర ఏదో అది పైకి వెయ్యి. అక్టోబరులో మా చర్చిలో కోతపండుగ. ఊరంతా వస్తుంది, బయటి ఊళ్లవాళ్లూ వస్తారు. గుమ్మం పక్కన బల్ల వేసుకోమని పాస్టరుగారు చెప్పారు. ఆ రోజు ముందర వేలాడదీయడానికి ఒక్క బొంత కావాలి, దూరం నుంచి చూసి నడిచొచ్చేలా ఉండాలి.

ఇంకొకటి. ప్రతి బొంతకూ ఒక చిన్న చీటీ రాసి మూలకు కట్టు. ఇది ఎవరి చీర, ఎట్లా కుట్టింది, రెండు మూడు మాటలు చాలు. మొన్న కొన్న బెంగుళూరు ఆమె అదే అడిగింది, "ఇవి ఎవరి చీరలు?" అని. నాకు తెలియక నీళ్లు నమిలాను.

పేరు రాయనులే, భయపడొద్దు.

నీ అక్క,
గ్లోరీ


సదుం దగ్గర మా పల్లె,
సెప్టెంబర్ 20.

గ్లోరీ అక్కకు,

వద్దన్నావు కానీ, దస్తూరికి మన్నించు. పాత అలవాటు.

నువ్వు అడిగిన బొంత ఇది. రెండు నెలలు పట్టింది. చీరలు చాలడం లేదని మా అత్తను అడిగితే, అటక మీది పెట్టె దించి మూట ఇచ్చింది. ఆమెకు రెండు కళ్లలోనూ పొర వచ్చింది, చేత్తో తడిమే బట్టను గుర్తుపడుతుంది. ఒక్కొక్క చీరా తడిమి పైకి, లోపలికి అని వేరు చేసింది. అందులో ఒక చిలకపచ్చ చీర ఉంది. వంకాయరంగు అంచు. ఉతుకు కూడా పడనంత కొత్తది. "ఇది లోపలికి ఏసెయ్. పైకి రానీకు" అంది. "ఇంత మంచిది లోపలికి యాలత్తా?" అంటే, "సెప్పింది సెయ్యి. మా అక్క కూతురిది. పాత మోడలు" అని కసురుకుంది.

అక్కా, నేను చెప్పిన మాట వినలేదు. దాన్ని పైకే వేశాను. ఆమెకు కనపడదు కదా. ఈ ఇంటికి వచ్చి రెండేళ్లయింది, నా ఇష్టం వచ్చినట్టు చేసిన పని ఇదొక్కటే. కుడుతున్నంతసేపూ భయమేసింది, సంతోషంగా కూడా ఉంది.

చీరలో ఒకచోట నిప్పురవ్వ పడి కాలింది. దాన్ని ఎవరో ఎర్రదారంతో చింతాకులాగా, ఒక్కొక్క రెక్కా తీర్చి కుట్టారు. పచ్చ చీర మీద ఎర్రదారం ఎందుకు వేశారో తెలియదు. కత్తిరించేద్దామనుకుని మనసు రాక, సరిగ్గా మధ్యలో వచ్చేటట్టు పెట్టాను. చీటీ ఇట్లా రాశాను: "ఇది మా అత్త అక్క కూతురి చీర. కాలినచోట ఆకు కుట్టిన చేతులు ఎవరివో తెలియదు. ఆ చేతులు చల్లగా ఉండాలి."

బాగుందా? ఇది అమ్ముడుపోతే దీపావళికి ముందే అమ్మ దగ్గరికి పోతాను. ఆయన ఒప్పుకున్నాడు.

రేఖ


మదనపల్లె,
అక్టోబర్ 16.

రేఖా,

ఈ ఉత్తరం నువ్వు ఒంటరిగా ఉన్నప్పుడు చదువు. గురప్ప తాతకూ అదే చెప్పాను.

కోతపండుగ ఆదివారం నీ బొంతను గుమ్మం పక్కన వేలాడదీశాను. దాని ముందర నిలబడి ఫోటోలు తీసుకోనివాళ్లు లేరు. నేనూ ఒకటి తీసి ఫోన్లో పెట్టాను. మూడు రోజుల్లో ఎక్కడెక్కడికో పోయింది. పీలేరు నుంచి, కోలారు నుంచి కూడా అడిగారు. నీకు రాయాలని సంతోషంగా కాగితం తీశాను కూడా.

నిన్న అంగడికి ఒక ముసలామె వచ్చింది. పేరు మునియమ్మ. పెద్దతిప్పసముద్రం నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. వెంట కొడుకు జయచంద్ర ఉన్నాడు. "బొంత సూపీ అమ్మా" అంది. చూపించాను. ఆ ఎర్ర ఆకు మీద వేలు పెట్టి, తియ్యలేదు.

"ఈ కుట్టు నాది" అంది.

నేను అర్థంకాక, "నువ్వు కూడా కుడతావా అమ్మా?" అని అడిగాను. బుద్ధి లేనిదాన్ని.

"నా కూతురు సుమతికి కొనిచ్చిన సీర. మా ఇంట్లోనే మొదటిసారి కట్టింది. పొయ్యికాడ రవ్వ ఎగిరి కాలింది. ఇంట్లో పచ్చదారం లేదు, ఎర్రదారంతోనే కుట్టినా. నగుతారేమో అమ్మా అనింది. నగితే నగనీలే, మీ అమ్మ కుట్టిందని సెప్పు అన్నా. మర్నాడు ఈ సీరతోనే బస్సెక్కించినా. అదే ఆకరు."

జయచంద్ర సంచిలోంచి మడతలు చినిగిన కాగితం తీశాడు. అప్పట్లో పోలీసులకు ఇచ్చిన అర్జీ నకలు. చిలకపచ్చ చీర, వంకాయరంగు అంచు, ఎర్రదారం కుట్టు అని రాసుంది. "మా చెల్లెలు అత్తగారింటికి రానేలేదని ఆ ఇంట్లో అందరూ చెప్పినారు మేడం. బస్టాండులోనే ఎవరితోనో పోయిందన్నారు. పోలీసులూ అదే రాసుకున్నారు" అన్నాడు.

రేఖా, ఆమె ఆ ఇంటికి రాకపోతే ఈ చీర మీ అటక మీదికి ఎట్లా వచ్చింది?

కుట్టిందెవరో నేను వాళ్లకు చెప్పలేదు. బొంత ఎవరికీ అమ్మలేదు, దాచాను. నువ్వు జాగ్రత్త. ఇంట్లో ఎవరినీ ఏమీ అడగొద్దు. నాకు రెండు మాటలు రాయి.

గ్లోరీ


సదుం,
అక్టోబర్ 21.

గౌరవనీయులైన గ్లోరీ గారికి రేఖ వ్రాయునది.

మేము క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. నేను పంపిన పచ్చ బొంత పొరపాటున వచ్చింది. అది అమ్మవద్దు. అందులోని చీర పాతబట్టల వాడి దగ్గర స్టీలు సామానుకు మార్చుకున్నది. ఎవరు అడిగినా అదే చెప్పవలెను. బొంతను వెంటనే తిరిగి పంపవలెను. లేదా నా భర్త టమోటాల లోడుతో మార్కెట్టుకు వచ్చినప్పుడు అతనికి ఇవ్వవలెను. ఇకమీదట నేను బొంతలు కుట్టను.

ఇట్లు,
రేఖ


మదనపల్లె,
అక్టోబర్ 29.

రేఖా,

ఈ కాగితాన్ని దిండుగలీబు అంచులో పెట్టి కుట్టాను. గలీబు నీకు ఇమ్మని గురప్ప తాతకు ఇచ్చాను. నీ చేతికి ఆ అంచు లావుగా తగులుతుందని తెలుసు, మీ ఇంట్లో మిగతావాళ్లకు తగలదు.

నీ పోయిన ఉత్తరంలో దస్తూరికి మన్నించమని లేదు. అది చూడగానే అర్థమైంది, నువ్వు రాస్తుంటే పక్కన ఎవరో నిలబడి ఉన్నారని.

మీ ఆయన వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. టీ తాగాడు. "ఏమక్కా, మా యాపారం బాగా పెంచినావే. మార్కెట్లో ఎవుడో బొంత పోటో సూపించినాడు" అని నవ్వాడు. బొంత అడిగాడు. బెంగుళూరు ఆమె కొనుక్కుని పోయిందని చెప్పాను. నలభై ఏళ్లుగా చర్చికి పోతున్నదాన్ని, అంత తేలిగ్గా అబద్ధం వచ్చింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి అంగడంతా కళ్లతో ఒకసారి వెతికాడు. "ఆ బెంగుళూరామె నంబరు ఈ అక్కా" అన్నాడు. లేదన్నాను. పోతూ పోతూ, "నువ్వు ఆస్పత్రిలోనే కదా పనిచేసేది" అన్నాడు. అంతే అన్నాడు.

ఇప్పుడు నేను దాచిన సంగతి చెప్పాలి. ఫోటో కింద నీ పేరు రాశాను. "పుంగనూరు దగ్గర పల్లె, రేఖ చేతిపని" అని. పేరు లేకపోతే ఎవరూ నమ్మరని, రెండు ఎక్కువ అమ్ముడుపోతాయని రాశాను. వద్దని నువ్వు చెప్పినా రాశాను. మునియమ్మ ఆ పేరు చదివించుకునే వచ్చింది. సురేంద్ర కూతురి వయసుదాన్ని మళ్లీ చేసుకున్నాడని మాత్రమే అప్పుడు ఆమెకు తెలుసు, ఆ రేఖవు నువ్వేనని తరువాత నేనే చెప్పాను. మార్కెట్టులో మీ ఆయనకు ఫోటో చూపినవాడూ ఆ పేరు చూసే చూపించి ఉంటాడు. ప్రభువు నన్ను క్షమిస్తాడేమో, నువ్వు క్షమించాలని అడగను.

వార్డులో నీ ఒళ్లు తుడిచింది నేనే. వీపు మీద, పక్కటెముకల మీద ఏముందో చూశాను. మెట్ల మీది నుంచి పడ్డానన్నావు, సరేనన్నాను. అడిగి ఉండాల్సింది.

మునియమ్మ నాలుగు రోజుల నుంచి మా ఇంట్లోనే ఉంది. స్టేషన్‌కు కొడుకుతో పోయి వచ్చింది. చీర పాతబట్టల వాడి దగ్గర కొన్నామని ఆ ఇంట్లోవాళ్లు అంటే ఏం చేస్తారని పోలీసులు అడిగారట. ఆ ఇంట్లోవాళ్లు ఒక్కరైనా, చీర ఇంట్లోనే ఉండిందని చెబితే తప్ప ఏమీ కాదు. మునియమ్మ నిన్ను అడగమని అనలేదు. "ఆ పిల్ల బతకనీ. నా బిడ్డ ఎట్లా లేదు" అంది. నీకు ఏది చెప్పాలో నాకు తెలియడం లేదు. నువ్వు ముందు ఆ ఇంట్లోనుంచి బయటికి రా. గురప్ప తాత ఎప్పుడంటే అప్పుడు ఎక్కించుకుంటానన్నాడు.

గ్లోరీ


కుప్పం,
నవంబర్ 6.

గ్లోరీ అక్కకు,

దస్తూరికి మన్నించు. పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టి రాస్తున్నాను.

దిండుగలీబు చేరింది. మర్నాడు మా ఆయన మార్కెట్టుకు పోయాక, నేనూ అత్తా వేరుశెనక్కాయలు వలుస్తున్నాము. అడగవద్దన్నావు. అడిగాను.

"అత్తా, ఆ పచ్చ సీర సుమతక్కది కదా?"

ఆమె వలవడం ఆపలేదు. సగం చేట నిండింది. తరువాత చెప్పింది.

"ఆ పొద్దు వానలో తడిసొచ్చింది. వీధిలో ఎవురూ లేరు, సూడలేదు. అమ్మగారింట్లో నాల్దినాలు ఎక్కువుండావేమని వాడు అడిగినాడు. అది ఎదురు సెప్పింది. తోసినాడు. పోయి రోలు మీద పడింది. సంపాలని తొయ్యలేదమ్మయ్యా."

"సీర యాల దాసినావు?"

"కొత్త సీర. ఉతుకు కూడా పడలేదు. మట్టిలో పెట్టేకి నాకు సేతులు రాలేదు. ఇప్పి ఆరేసి, నా పాత కోక సుట్టినా." చేటలో గింజలు తడుముతూ మళ్లీ అంది, "లోపలికి ఏసెయ్ అని సెప్తిని కదమ్మా. లోపలికి ఏసుంటే ఎవురికి తెలుస్తాది?"

అక్కా, ఆమె ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. పశువుల కొట్టం వెనక దిబ్బ ఉంది. రోజూ పేడతట్ట తీసుకుపోయి నేనే వేస్తాను. దాని కింద పాత బావి ఉండేదట. సుమతక్క వచ్చిన ఆ వారమే పూడ్చారట. రెండేళ్లుగా వేస్తున్నాను.

నన్నూ అట్లాగే తోశాడు. నేను గడప మీద పడ్డాను కాబట్టి కడుపు ఒక్కటే పోయింది. మా ఇంటికి మెట్లు లేవక్కా.

ఆరోజు ఉత్తరం రాయించేటప్పుడు ఆయన కొట్టలేదు. ఫోన్ అత్త ముందర పెట్టి, "ఇది యాడిదమ్మా?" అని ఒక్కమాట అడిగాడు. చీర రంగు చెప్పాడు. ఆమె తల వంచుకుంది. అప్పటినుంచి ఆయన నాతో మాట్లాడలేదు, మంచిగా చూసుకున్నాడు. కొట్టం వెనక్కి నన్ను పోనివ్వలేదు, పేడతట్ట ఆయనే మోశాడు. అది చూసి ఎక్కువ భయమేసింది.

మొన్న తెల్లారి పాల వేళకు అత్త వెనక తలుపు తీసింది. "పో. వాడు లేచేలోగా పో. నా పేరు మాత్రం యాడా ఎత్తొద్దు" అని గురప్ప తాత వ్యాను దాకా నా భుజం పట్టుకుని నడిచింది. ఆమెకు దారి కనపడదు, నేనే నడిపించాను. తాత పుంగనూరులో బస్సెక్కించాడు. నీ దగ్గరికి రాలేదు. ఆయన మొదట వెతికేది నీ అంగడే.

మా ఇంటికి చేరాను. అమ్మ కాలు ఇంకా వంకరగానే ఉంది. నన్ను చూసి మంచం మీది నుంచి లేవబోయింది. ఒక రోజు అమ్మ పక్కన పడుకున్నాను. అన్నీ చెప్పాను. నాన్న విన్నాడు. ఈరోజు పొద్దున మేకలు తోలుకుపోయే ముందు, "అల్లునికి ఫోన్ సేసినా. మద్యాన్నం బస్సుకు వస్తాడు. నువ్వు సూసినావా ఆ ముసిల్దాని మాటలు నిజమని? కండ్లు లేనిదానికి మతి మాత్రం ఉంటాదా? ఆడబిడ్డ సెప్పకుండా వచ్చేస్తే ఊర్లో తలెత్తుకోవల్ల నేను" అన్నాడు. నాన్న పోయాక అమ్మ తలకింది నుంచి బస్సు చార్జీ తీసి నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది.

అందుకే ఇక్కడున్నాను. ఇప్పుడు పదకొండయింది. రోడ్డుకు అవతల పోలీసు స్టేషన్ కనిపిస్తోంది. రెండుసార్లు లేచి మళ్లీ కూర్చున్నాను. మగవాళ్ల ముందర నాకు నోరు రాదని నీకు తెలుసు. ఆసుపత్రిలో డాక్టరు నా పేరు అడిగితే కూడా నువ్వే చెప్పాల్సి వచ్చింది. కానీ ప్రతి బొంతకూ చీటీ రాయమన్నావు కదా. ఆ బొంతకు నేను కట్టిన చీటీ తప్పు. ఇప్పుడు సరిగ్గా రాశాను, రెండు కాపీలు. ఒకటి ఈ కవరులో ఉంది. మునియమ్మ చేతికి ఇచ్చి, బొంతతో పాటు మీరే స్టేషన్‌కు తీసుకుపోండి. ఒకటి నా దగ్గర ఉంది. ఈ కవరు డబ్బాలో వేసి, రోడ్డు దాటి, దాన్ని వాళ్ల బల్ల మీద పెడతాను. మాట్లాడకపోయినా చదువుకుంటారు. చీటీలో ఇట్లా రాశాను:

"ఇది సుమతి చీర. కాలినచోట ఆకు కుట్టింది వాళ్ల అమ్మ మునియమ్మ. ఈ చీర మా ఇంట్లో అటక మీది పెట్టెలో ఉండింది. పాతబట్టల వాడి దగ్గర కొనలేదు. సుమతి ఇంటికి వచ్చింది. పశువుల కొట్టం వెనక దిబ్బ కింద పాత బావి ఉంది, తవ్వి చూడండి. ఈ మాటలు రాసింది రేఖ, సదుం దగ్గరి పల్లెలో ఉండే సురేంద్ర భార్య. బొంత కుట్టింది నేనే."

పేరు, ఊరు అన్నీ రాశాను అక్కా. నువ్వు ఫోటో కింద రాసినందుకు బాధపడొద్దు.

నేను రోడ్డు దాటాక ఏమవుతుందో తెలియదు. చీటీ చదివి ఆయన్నే పిలిపిస్తారేమో, నాన్నకు అప్పగిస్తారేమో. వారం లోపల నా నుంచి ఉత్తరం రాకపోతే నువ్వూ మునియమ్మా కుప్పం వచ్చి నన్ను అడగండి. మా పల్లెకు కూడా పోయి, నా పేరు పెట్టి గట్టిగా అడగండి. సుమతక్క విషయంలో లాగా నాలుగేళ్లు ఆగొద్దు. ఎర్రకుట్టు దగ్గర బొంతను ఎవరినీ విప్పనివ్వకు, అదే సాక్ష్యం.

చీటీలో మా అత్త పేరు లేదు. ఆమె చెప్పినవన్నీ ఈ ఉత్తరంలోనే రాశాను. ఆమె చేసినది చిన్న తప్పు కాదు, నాకు తెలుసు. అయినా తలుపు తీసింది ఆమె ఒక్కతే. చదవగానే దీన్ని పొయ్యిలో పెట్టు అక్కా. ఒక్క ముక్క కూడా మిగలనివ్వకుండా కాల్చెయ్.

రేఖ